తోక లేని సంతకం

వరహాలరావు మాస్టారికి కొండజ్వరమంటే మహా భయం. అందుకని నెలలో ఇరవై ఏడు రోజులు కొండకి దూరంగా, బొబ్బిలి దగ్గర తన పొలంగట్టు మీద ఆరోగ్యంగా ఉండేవాడు. మిగిలిన మూడు రోజులూ మామిడివలస ఆశ్రమ పాఠశాలకి హెడ్మాస్టరుగా ఉండేవాడు. ఆ మూడింటిలోనూ ఒకటి ప్రయాణానికి పోయేది, ఒకటి ప్రయాణపు బడలికకి పోయేది.

అలాగని బడి ఆగిపోలేదు. వంటమనిషి పైడితల్లి అంబలి దించి గంట కొట్టేది. పెద్ద తరగతి పిల్లలు చిన్న తరగతులకి చెప్పేవారు. పెద్ద తరగతికి అట్టలూడిన గైడు చెప్పేది. ఎటొచ్చీ ప్రతి నెలా కొండ కింద ఆఫీసుకి హాజరు నివేదిక వెళ్ళాలి. దాని మీద హెడ్మాస్టరు సంతకం ఉండాలి. అదొక్కటీ గైడు వల్ల అయ్యే పని కాదు.

ఆ చిక్కు విప్పినది వంతల కనక. ఆ పిల్ల ఎనిమిదో తరగతిలో ఉండగా మాస్టారు ఆమె దస్తూరీ చూసి ముచ్చటపడి, పక్కన కూర్చోబెట్టుకుని తన సంతకం నేర్పాడు.

"మొదటి అక్షరానికి పొట్ట నిండుగుండాల. మద్దెలో సెయ్యి ఎత్తీకూడదు. ఆఖర్న తోక. పాము పుట్టలోకి దూరినట్టు కిందకి తిరగాల, తెలిసిందా?"

మూడు రోజులు, పూటకి రెండుసార్లు, విసుక్కోకుండా చెప్పాడు. మూడేళ్ళలో ఆయన కనకకి చెప్పిన పాఠం అదొక్కటే. చెప్పిన పాఠం మాత్రం బాగా చెప్పాడనాలి. ఆనాటినుంచి నెలనెలా ఆయన సంతకం ఆయన లేకుండానే ఘాటు దిగి వెళ్తూ వచ్చింది.

డెబ్భై ఎనిమిదిలో ఆ బడినుంచి పదకొండుమంది పదో తరగతి పరీక్ష రాస్తే ఇద్దరు గట్టెక్కారు. అందులో కనక ఒకతె. విశాఖపట్నంలో ఇంటర్ చదవాలంటే హాస్టలు సీటు కావాలి. సీటు కావాలంటే హెడ్మాస్టరు రాసిన సిఫార్సు ఉత్తరం జూలై రెండో తేదీ సాయంత్రం ఐదింటిలోగా కింద ఆఫీసులో ఇవ్వాలి. ఇవ్వలేకపోతే తండ్రి బుధు ఆ పిల్ల చేతికివ్వడానికి పసుపుతోటలో పార సిద్ధంగానే ఉంచాడు.

"దీనికింత బెంగేటే?" అంది పైడితల్లి. "ఆ సంతకం నీకు రాదేటి? గీకీసి బేగి ఎల్లిపో."

"అవన్నీ ఆయన కాయితాలు పిన్నీ. ఇది నాది. నా కాయితం మీద దొంగసంతకం నేను పెట్టుకోను."

"ఓలమ్మ! మూడేళ్ళు పెట్టిన సేత్తో ఇప్పుడు మడి కట్టుకుంటావేటే!"

ఒకటో తారీఖున మాస్టారు కొండెక్కాడు. తడిసిన గొడుగు మూలన పెట్టి, మెడ చుట్టూ తువ్వాలు బిగించుకుని కుర్చీలో కూలబడ్డాడు. కనక మార్కుల కాగితం చూపించింది. ఆయన దాన్ని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"లెక్కల్లో అరవై నాలుగా! ఎవరు సెప్పేరే నీకు లెక్కలు?"

"మీరే మాస్టారూ. రిజిస్టర్లో అలాగే ఉంది."

మాస్టారు దగ్గాడు. సిఫార్సు సంగతి విన్నాక ఇంకాస్త పెద్దగా దగ్గాడు. కాలేజీ అంటే మాటలు కాదన్నాడు. పట్నం నీళ్ళు కొండవాళ్ళకి పడవన్నాడు. చివరికి అసలు సంగతి బయటపెట్టాడు.

"ఒక్క ఏడాది ఆగే. ఆ ఏడో తరగతి గుంట ఉంది కదా, రత్నాలు, దాని సెయ్యి తిప్పుడు నీలాగే ఉంటాది. దానికి కాస్త నేర్పీసి, అప్పుడు ఎల్లుదువుగాని."

"అది మీ పాఠం మాస్టారూ. నేనెలా సెప్తాను?"

"అంటే?"

"నెలనెలా మీ సంతకం నేనే పెడతన్నాను. ఇంకోటి పెట్టుకోడానికి నాకు అడ్డేటీ నేదు. అయినా పెద్దోరు, అడిగి తీసుకోడం మర్యాదని వచ్చేను."

ఆ పిల్ల గొంతు పెంచలేదు. మాస్టారే చుట్టూ చూశాడు. గుమ్మంలో పైడితల్లి గరిటెతో సహా నిలబడి ఉంది. ఆయన కలం తీశాడు.

"ఈ విద్యార్థినిని మూడేళ్ళుగా దినదినమూ దగ్గరుండి గమనించితిని" అని మొదలుపెట్టి, "వేళ తప్పక బడికి వచ్చుటలో నాకు సరిజోడు" అని ముగించి, కింద సంతకం పెట్టాడు.

కనక కాగితం అందుకుని కిందికి చూసింది. పొట్ట నొక్కుకుపోయి ఉంది. మధ్యలో రెండుచోట్ల చెయ్యి లేచింది.

"మాస్టారూ, తోక?"

"నా సంతకం నాకు నేర్పుతావేటే! పో!"

మర్నాడు వాన హోరెత్తడంతో మాస్టారికి జ్వరభయం ముదిరి ఒకరోజు ముందే జీపులో దిగిపోయాడు. కనక కూడా అదే జీపులో, వెనక చింతపండు బుట్టల మధ్య కూర్చుని దిగింది. నాలుగింటికి ఆఫీసు చేరారు. మాస్టారు ఎదురుగా ఉన్న టీ దుకాణంలో ఆగాడు. కనక లోపలికి వెళ్ళింది.

గుమాస్తా సర్వేశ్వరరావుకి మనుషుల మొహాలు గుర్తుండవు. కాగితాలు మాత్రం పుట్టుమచ్చలతో సహా గుర్తుంటాయి. ఆయన ఉత్తరం చదివి, బీరువాలోంచి మామిడివలస ఫైలు తీసి, మూడేళ్ళ నివేదికలు ఒక్కొక్కటే తిప్పి, కళ్ళజోడు పైకెత్తాడు.

"ఈ సంతకం ఎవరు పెట్టారమ్మా?"

"మా హెడ్మాస్టరు గారండి."

"ఆయన సంతకం నాకు తెలీదా? ఇదిగో, చూడు! ముత్యం లాంటి సంతకం. నీది దొంగది. దొంగసంతకంతో సీటు అడిగిందని నీ పేరుకి ఎదురుగా రాస్తే మళ్ళీ ఏ హాస్టల్లోనూ చేర్చుకోరు, తెలుసా?"

కనక వీధిలోకి పరుగెత్తి మాస్టారిని పిలుచుకొచ్చింది. ఆయన ఛాతీ ముందుకు పెట్టుకుని వచ్చాడు.

"వరహాలరావుని నేనేనండి. ఇది నా సంతకమే."

"మనిషి మీరే కావచ్చునండీ. సంతకం మీది కాదు. ఏదీ, ఇక్కడ పెట్టండి."

మాస్టారు పెట్టాడు. గుమాస్తా తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ పెట్టాడు.

"మొదటిదే కాస్త నయం" అన్నాడు గుమాస్తా. తర్వాత ఏదో తట్టినట్టు ఫైలు మీద వేలు పెట్టాడు. "అవునూ, ఇది మీదే అయితే మరి ఫైల్లో ఉన్నవన్నీ ఎవరివండీ?"

మాస్టారు కుడిచెయ్యి పట్టుకున్నాడు. "ఫైల్లోవే... ఫైల్లోవే నావి. జీపు కుదుపులకి చెయ్యి బెణికిందండి. పది నిమిషాలు ఆగండి."

వరండాలోకి వచ్చీ రాగానే కలం కనక చేతిలో పెట్టబోయాడు.

"నీకు దండం పెడతానే తల్లీ, ఒక్కటి పెట్టీ."

కనక గోడగడియారం వైపు చూసింది. ఐదింటికి ఇరవై నిమిషాలు. చెయ్యి చాచితే సీటు. కలం మాత్రం అందుకోలేదు.

"నేను పెట్టను మాస్టారూ. మీరే పెట్టాల. కూకోండి."

ఆయన జేబులోని సిగరెట్టు పెట్టె తీసుకుని, విప్పి, అట్ట లోపలి వైపు పైకి వచ్చేలా ఆయన మోకాలి మీద పరిచింది.

"మొదటి అక్షరానికి పొట్ట నిండుగుండాల. అంత కాదు, ఇంకా. మద్దెలో సెయ్యి ఎత్తీకండి. అదిగో, ఎత్తేరు. మళ్ళీ."

మాస్టారు మళ్ళీ రాశాడు. నుదుటి చెమట అట్ట మీద పడింది. లోపలికి పోతున్న బంట్రోతు ఆగి, ముసలాయన అక్షరాభ్యాసం కాసేపు చూసి వెళ్ళాడు. కనక విసుక్కోలేదు. ఎలా చెప్పించుకుందో అలాగే చెప్పింది.

"తోక, మాస్టారూ. పాము పుట్టలోకి దూరినట్టు."

పదకొండోసారికి పాము పుట్టలోకి దూరింది. ఆ ఊపు చల్లారకుండానే మాస్టారు లోపలికి నడిచి, ఊపిరి బిగబట్టి, పాత సంతకం కొట్టేసి ఉత్తరం మీద మళ్ళీ పెట్టాడు.

"ఇదీ!" అన్నాడు సర్వేశ్వరరావు. "ఇదండీ సంతకమంటే. హెడ్మాస్టరు చెయ్యి ఎక్కడికి పోతుంది!" ముద్ర ఠపీమని పడింది. కనక పేరు జాబితాకెక్కింది.

బయట వాన తగ్గింది. మాస్టారు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, గుమాస్తాకి వినపడనంత దూరం వచ్చాక, బతిమాలుతున్నట్టు అడిగాడు.

"మరి వచ్చే నెల నివేదిక సంగతేటే కనకా?"

కనక ఉత్తరం రసీదు మడిచి జాకెట్టులో దోపుకుంది.

"ఇప్పుడు మీకూ వచ్చీసింది కద మాస్టారూ. తోక ఒక్కటి మరిసిపోకండి."