కాటు, గాటు, గీటు

మా మరదలు సంచిలో ఒకటి పెడితే నేను ఒకటి తీస్తున్నాను. మంచానికి ఆ పక్క ఆమె, ఈ పక్క నేను. మధ్యలో తమ్ముడి సంచి నోరు తెరుచుకుని కూర్చుంది. ఆమె ఉన్ని టోపీ పెట్టింది. చిల్లి పడిందేమో చూస్తానని తీశాను. ఆమె సబ్బుపెట్టె పెట్టింది. మూత సరిగ్గా పడటం లేదని తీశాను.

"వదినా, ఇలాగైతే ఓడ వెళ్ళి తిరిగొచ్చేస్తుంది, ఈ సంచి మాత్రం ఇక్కడే ఉంటుంది," అంది మరదలు.

"ఉండనీ. సంచికేం, అన్నం అడుగుతుందా?"

తమ్ముడు సరుకుల ఓడలో వంటవాడు. వెళ్ళాడంటే నెలల తరబడి రాడు. ఆ సాయంత్రమే ఓడ కదులుతుంది. ఇంట్లో నా పేరు అడ్డుపుల్ల. ఊరికే రాలేదు ఆ పేరు. ఒకసారి వాడు బయలుదేరే రోజున గడియారం వెనక్కి తిప్పాను. వాడు ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా రేవుదాకా పరుగెత్తాడు. ఇంకోసారి వాడి గుర్తింపు కార్డు పిండి డబ్బాలో దొరికింది. దొరికాక అందరూ నా వైపే చూశారు. నేను పిండి వైపు చూశాను.

మా నాన్న ఒకనాడు కళ్ళద్దాల కాడ వేయించుకొస్తానని బయటికి వెళ్ళాడు. మా ఆయన రెండు రోజుల పని మీద వెళ్ళాడు. వెళ్ళడం మా ఇంట్లో అందరికీ వచ్చు. రావడమే కొందరికి చేతకాలేదు.

టోపీ నా చేతిలో ఉండగానే తమ్ముడు వంటింట్లోంచి వచ్చాడు. కుడిచేతి చూపుడు వేలు జెండాలా పైకెత్తి పట్టుకున్నాడు. వేలి నిండా నల్లగా ఏదో మెత్తి ఉంది.

"ఏమిట్రా అది?"

"కాఫీ పొడి. నీ మరదలి వైద్యం."

"ఎందుకూ?"

"ఏం లేదక్కా. పొద్దున మేనేజరుకి చేప తల వేస్తుంటే, తలతో పాటు నా వేలు కూడా తనదే అనుకున్నాడు."

మేనేజరంటే మా వీధి కుక్కపిల్ల. ఏ ఇంట్లో పొయ్యి ఆరినా మొదట వాడికే తెలుస్తుంది. సరిగ్గా భోజనాల వేళకు వస్తాడు, గుమ్మంలో కూర్చుని అందరినీ పర్యవేక్షిస్తాడు, పని మాత్రం ఒక్కటీ చేయడు. అందుకని ఆ పేరు. ఆ పేరు పెట్టాక 'అది' అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

నాకు ఆసుపత్రి గోడ గుర్తొచ్చింది. నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. పొట్లాల కాగితాలూ, దుకాణాల బోర్డులూ, ఆసుపత్రి గోడలూ కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. మోకాళ్ళ నొప్పికి వెళ్ళినప్పుడల్లా కూర్చునే బల్లకి ఎదురుగా ఒక పెద్ద బొమ్మల కాగితం అంటించి ఉండేది. కుక్క కరిస్తే ఏం చేయాలో అందులో ఉంది. నా వంతు వచ్చేలోపు దాన్ని చదివి చదివి కంఠతా పట్టాను.

"కరిచాడా?" అన్నాను.

"కాటు కాదక్కా, గాటు."

మరదలు అందుకుంది. "గాటు కూడా కాదు వదినా. సన్నటి గీటు. నేను చూశాగా."

"రక్తం వచ్చిందా?"

"వస్తే వచ్చింది, చుక్క! ఉల్లిపాయ తరిగినా అంతకంటే ఎక్కువే వస్తుంది," అన్నాడు తమ్ముడు. "అయినా ఊరుకున్నాననుకున్నావా? కుక్క కాటుకు చెప్పు దెబ్బ అన్నారు. చెప్పు విసిరాను. లెక్క సరిపోయింది."

"ఆ సామెత చెప్పినవాణ్ణి కుక్క కరిచి ఉండదు. కరిచి ఉంటే ఇంకో సామెత చెప్పడానికి మిగిలేవాడు కాదు."

"మొరిగే కుక్క కరవదని కూడా అన్నారు కదా?"

"మేనేజరు ఎప్పుడైనా మొరిగాడా?"

తమ్ముడు ఆలోచించాడు. "లేదు."

"మరింకే! పద ఆసుపత్రికి. ఓడ సంగతి తర్వాత."

ఆ చివరి మాటే అనకుండా ఉండాల్సింది. మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకుని ఫక్కున నవ్వారు.

"అదీ సంగతి!" అన్నాడు తమ్ముడు. "గడియారం అయింది, కార్డు అయింది. ఈసారి కుక్క!"

"పాపం మేనేజర్ని కూడా కలుపుకున్నారా వదినా? ఎన్ని చేప తలలకి ఒప్పుకున్నాడు?"

"అమ్మాయ్, వేళాకోళం కాదు. అది పిచ్చికుక్క రోగం. ఒంట్లో బయటపడిందంటే మందు లేదు. ఓడలో కూర్చుంటే సూది వేసేవాళ్ళెవరు? చేపలా?"

"మేనేజరుకి పిచ్చేమిటక్కా? తోక ఊపుతూ తిరుగుతుంటే!"

"ఊపే తోక చూసి చెప్పగలిగితే డాక్టర్లెందుకు?"

"సరే, పిచ్చే అనుకో. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తారట. వాటికంటే పిచ్చే నయం," అని వాడు టోపీ నా చేతిలోంచి లాక్కుని సంచిలో వేశాడు.

అప్పుడు తెలిసింది. నేను ఏడ్చినా వినరు, అరిచినా వినరు. అడ్డుపుల్ల వేసినంతకాలం నా మాట అడ్డుపుల్లే. వాడి ఓడని ఆపలేకపోయినా ఫరవాలేదు. ఆ వేలితో అలాగే ఎక్కకూడదు, అంతే.

నేను సబ్బుపెట్టె తీసి సంచిలో పెట్టాను. తువ్వాలు పెట్టాను. చొక్కాలు మడిచి పెట్టాను. వాడి కత్తుల మూట గుడ్డలో చుట్టి అడుగున పెట్టాను. గబగబా, ఒక్కటి కూడా బయటికి తీయకుండా.

గదిలో నవ్వు ఆగిపోయింది.

"అక్కా... ఏం చేస్తున్నావ్?"

"సర్దుతున్నాను. పొద్దు పోకముందే రేవుకి చేరాలి కదా. దారిలో ఆసుపత్రి చూసుకుని అట్నుంచి అటే వెళ్దాం. సంచి నేను మోస్తాను. నువ్వు ఓడ ఎక్కు, నేను ఆపను."

తమ్ముడు మంచం మీద కూలబడ్డాడు. వేలిని ఇప్పుడు జెండాలా కాదు, ఎవరో వాడి చేతిలో పెట్టి వెళ్ళిపోయిన వస్తువులా పట్టుకున్నాడు.

"ఏమే," అన్నాడు పెళ్ళాంతో మెల్లగా, "అక్క నన్ను వెళ్ళమంటోంది."

"వింటున్నానండీ."

"ఎప్పుడైనా అందా?"

"పెళ్ళయి వచ్చిందగ్గర్నుంచీ వినలేదు." మరదలు వాడి భుజం పట్టుకుని లాగింది. "ఏవండీ, లేవండి. లేవండంటుంటే! వదినా, ముందేం చేయాలి?"

ముందు పంపు కిందికి తీసుకెళ్ళాం. కాఫీ పొడి కడిగేసి, సబ్బు రుద్ది, ధారగా నీళ్ళు వదిలాం. పావుగంట కడగాలని కాగితంలో ఉంది. రెండు నిమిషాలకే తమ్ముడు చెయ్యి లాక్కోబోయాడు.

"చాలు, వేలు అరిగిపోతోంది."

"ఉంచండి," అంది మరదలు, వాడి మణికట్టు ఒడిసి పట్టుకుని. ఇందాకటి గీటు మనిషి ఆమేనని ఎవరూ అనుకోరు. "అంట్లగిన్నెలైతే అద్దాల్లా మెరవాలి, వేలు మాత్రం అక్కర్లేదా?"

"కట్టు కట్టనా వదినా?"

"వద్దు. కట్టు వద్దు, పొడి వద్దు, ఆకు వద్దు. అలాగే వదిలెయ్."

ఆసుపత్రిలో నర్సు లావుగా, తీరిగ్గా ఉంది. ఎక్కడ కరిచిందో చూపించమంది. తమ్ముడు రెండు చేతులూ బల్ల మీద పరిచాడు. వంటవాడి చేతులు కదా, వేళ్ళనిండా గాట్లూ, వాతలూ, బొబ్బలూ. నర్సు కళ్ళద్దాలు పైకి జరుపుకుంది.

"ఇందులో కుక్కది ఏది?"

"ఇది ఉల్లిపాయండీ. ఇది డబ్బా మూత. ఇది పెనం. ఇది... ఇది కూడా పెనమే."

"మిమ్మల్ని కుక్క కంటే వంటిల్లే ఎక్కువ కరిచింది." నర్సు చూపుడు వేలు వెలుగులోకి తిప్పింది. గోటి పక్కన రెండు చిన్న గుర్తులున్నాయి. "ఇదా?"

"అదేనండీ. కాటు కాదు, గాటు. నిజం చెప్పాలంటే గీటు."

"ఏ పేరైనా పెట్టుకోండి. తోలు తెగిందా, రక్తం వచ్చిందా? మాకు అదే కావాలి."

"చుక్క."

"చుక్క చాలు," అంది నర్సు. అప్పటిదాకా ఉన్న నవ్వు ఆమె మొహంలో లేదు. "కుక్క ఎంగిలి ఆ చుక్క వచ్చిన దారినే లోపలికి పోతుంది. అందులో రోగం ఉంటే, నరం పట్టుకుని మెల్లగా మెదడు వైపు నడుస్తుంది. వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. అది చేరేలోపు మన మందు ముందుండాలి. అది ముందు చేరిందా, ఇక్కడ ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు."

తమ్ముడు చొక్కా అంచు రెండు చేతుల్తో కిందికి లాగి పట్టుకున్నాడు. "బొడ్డు చుట్టూనా అండీ?"

"ఆ రోజులు పోయాయి. చేతికి వేస్తాం. బొడ్డు మీ దగ్గరే ఉంచుకోండి."

మరదలు పక్కకి తిరిగి నవ్వింది. భుజానికి వేసిన సూది వాడికి తెలియనే లేదు. ఆ తర్వాత రక్తం వచ్చిన గాయం కనుక వేలి చుట్టూ వేరే మందు ఎక్కించింది. కాలే పెనాన్ని గుడ్డ లేకుండా దించే మనిషి ఆసుపత్రి పైకప్పు ఎగిరేలా కేక పెట్టాడు. బయట బల్ల మీద పిల్లలెవరో నవ్వారు. మరదలు ఇంకా నవ్వుతూనే ఉంది, కళ్ళనీళ్ళు మాత్రం కారుతున్నాయి.

"ఇంతటితో అయిపోలేదు," అంది నర్సు. "మిగతా సూదులు చెప్పిన రోజున పడాలి. రెండోది ఇవాళ్టికి మూడో రోజున. అప్పటికి ఎక్కడుంటారు?"

"ఓడలో."

"ఓడలో సూది వేసేవాళ్ళున్నారా? లేకపోతే ఎక్కడానికి వీల్లేదు."

జన్మలో మొదటిసారి నా బదులు ఇంకొకరు అడ్డుపుల్ల వేస్తున్నారు, అదీ తెల్లబట్టల్లో ఉన్న మనిషి! నోరు మూసుకుని దేవుడికి దండం పెట్టుకున్నాను.

"ఆ రోజుకి మొదటి రేవులో ఆగుతామండీ," అన్నాడు వాడు. "తర్వాత కూడా నాలుగైదు రోజులకో రేవు. అన్నిచోట్లా ఆసుపత్రులున్నాయి."

నర్సు తేదీలన్నీ రాసిచ్చింది. దేవుడికి పెట్టిన దండం వెనక్కి తీసుకోవడం బాగుండదని ఊరుకున్నాను.

"కుక్క ఎవరిది?" అనడిగింది ఆమె చివరికి.

"వీధిదండీ," అంది మరదలు. "అందరం తిండి పెడతాం."

"టీకా ఎవరు వేయించారు?"

మరదలు నా వైపు చూసింది. నేను తమ్ముడి వైపు చూశాను. వాడు వేలి వైపు చూసుకున్నాడు.

"తిండికి అందరూ, టీకాకి ఎవరూ లేరన్నమాట. ఇంట్లో ఏమైనా ఉన్నాయా?"

"పిల్లి ఉందండీ. పిల్లికి కూడా వస్తుందా?"

"పాలు తాగి పెరిగే దేనికైనా వస్తుంది. పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఆ కుక్కపిల్లని కొట్టకండి, తరమకండి, దగ్గరికి తీయకండి. పది రోజులు కనిపెట్టి చూడండి. మందకొడిగా ఉన్నా, కనిపించకపోయినా మాకు చెప్పండి. అది బాగుందని మీ అంతట మీరు సూదులు మాత్రం ఆపకండి."

రేవుదాకా సంచి నేనే మోశాను. ఓడ మెట్ల దగ్గర తమ్ముడు సంచి అందుకుని పైనుంచి కిందిదాకా తడిమాడు.

"అక్కా, ఏమీ దాచలేదా?"

"లేదు."

"ఒక్క చెప్పు కూడా?"

"రెండూ నీ కాళ్ళకే ఉన్నాయి."

వాడు కాస్త నిరాశపడ్డట్టు కనిపించాడు. "రెండో సూది వేయించుకోగానే ఫోన్ చేస్తాను."

"ఫోన్ చాలదు. సూది పడుతున్న ఫొటో పంపించు. నీ మొహం కూడా కనబడాలి. లేకపోతే ఇంకెవడి చెయ్యో పంపిస్తావు."

మేము ఇంటికొచ్చేసరికి మేనేజరు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఆలస్యమైనందుకు సంజాయిషీ అడుగుతున్నట్టు చూశాడు. మరదలు పొడుగాటి గరిటెతో దూరంనుంచి అన్నం తోసింది. వాడు గరిటెని చూశాడు, మమ్మల్ని చూశాడు, మర్యాద తగ్గిందని అలిగి కాసేపటికి గానీ ముట్టుకోలేదు.

"బాగానే తింటున్నాడు వదినా. అనవసరంగా ఆయన్ని పొడిపించామేమో."

"బాగున్నాడని పదో రోజున చెప్పు. అప్పుడు నీతో కలిసి నవ్వుతాను."

పిల్లిని సంచిలో వేసుకుని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. మా ఇద్దరి చేతుల మీదా అది కొత్త గీట్లు పెట్టింది. వాటిని చూసి మరదలు పంపు దగ్గరికి నడిచి సబ్బు అందుకుంది. అట్నుంచి అటే నర్సు దగ్గరికి వెళ్ళాం. "ఈసారి కాటుకి ఎన్ని పేర్లు తెచ్చారు?" అందామె. మాకూ చెరొక తేదీల కాగితం వచ్చింది. వీధిలోని కుక్కలన్నిటికీ టీకాలు వేయడానికి మనుషులను పంపిస్తానని పశువుల డాక్టరు చెప్పాడు. వాళ్ళు వచ్చిన రోజున మరదలు ముందు నడుస్తూ ప్రతి గుమ్మంలోనూ నర్సు మాటల్నే తన మాటల్లా అప్పజెప్పింది. ఎవరైనా "మా కుక్క కరవదండీ" అంటే, "కాటా గాటా గీటా అని తర్వాత తేల్చుకుందాం, ముందు పట్టుకోండి" అనేది.

తమ్ముడు ప్రతి రేవునుంచీ ఫొటో పంపాడు. అన్నిట్లోనూ వాడి మొహం పుల్లటిది కొరికినట్టే ఉంది. చివరి సూది ఫొటోలో ఆ ఊరి నర్సు కూడా నవ్వుతోంది. వానలు మొదలవక ముందే ఇంటికొచ్చాడు. వచ్చీ రాగానే వంటింట్లో దూరి వేలు కోసుకున్నాడు.

మేనేజరు రాలేదు. టీకాల వాళ్ళు రావడానికి ముందు రోజు, అంటే తమ్ముడు ఓడెక్కిన ఐదో రోజు, బుధవారం పొద్దున, చేపల బండి వెనకాలే వీధి మలుపు తిరిగి వెళ్ళాడు. సాయంత్రం దాకా చూసి నర్సుకి చెప్పాం. మళ్ళీ రాలేదు.