‘ని’ లేని వాక్యం

కంప్యూటర్ బాగుచేసే శరత్‌కుమార్ మా ఇంటికి రావడం ఇది నాలుగోసారి. బల్ల మీద స్క్రూడ్రైవర్లు పరిచి, "ఈ తూరి కండిప్పా సరి అయిపోతుంది టీచర్" అన్నాడు. కండిప్పా అంటే తప్పకుండా. మొదటిసారి కూడా కండిప్పా అనే అన్నాడు.

ఆ కంప్యూటర్ మా వారు గోపాలకృష్ణన్‌ది. కోయంబత్తూరు పంపుల కంపెనీలకు ఇంట్లోనే కూర్చుని డ్రాయింగులు గీసిచ్చేవారు. అందుకోసం కొన్న బరువైన పెట్టె అది. వర్క్‌స్టేషన్ అనాలి, వట్టి కంప్యూటర్ అంటే ఆయనకు కోపం. ఎనిమిది నెలల కిందట, ఆడి నెలలో ఆయన పోయారు. "నా తర్వాత ఇది చారుది" అని చాలాసార్లు అన్నారు. మా అమ్మాయి చారులత దిండిగల్‌లో అదే డ్రాయింగుల పని చేస్తోంది. కర్మలు అయిన మర్నాడు పెట్టె పక్కనున్న ఆయన డైరీ తెరిచింది. చివరి పేజీ చదివి, మూసేసి, "ఇది నాకొద్దమ్మా" అని బస్సెక్కింది.

ఆ పేజీలో ఒకటే వాక్యం. ఆయనది తమిళ బడి చదువు. ఇంట్లో మాట్లాడే తెలుగును కూడా తమిళ అక్షరాలతోనే రాసుకునేవారు. ‘ఇంకా పిళ్ళ మార్చలే.’ ఈ తమిళనాట మా తెలుగిళ్ళలో పిల్లను పిళ్ళ అంటాం. చారు మూడేళ్ళలో నాలుగు ఉద్యోగాలు మారింది. మారిన ప్రతిసారీ ఆయన, "ఈ పిళ్ళని మార్చేది నా వల్ల కాదు" అనేవారు. చివరిగా రాసిన మాట కూడా తనమీద ఫిర్యాదేనని చారు అనుకుంది. నేనూ అలాగే చదివాను.

పెట్టె సరిగ్గా పనిచేస్తే, ఆయన గీసినవన్నీ తెరిచి చూపిస్తే, చారు మనసు మారుతుందేమోనని నా ఆశ. కానీ అది రోజూ పొద్దున్నే అన్నీ మరిచిపోతుంది. తేదీ పన్నెండేళ్ళ వెనక్కి పోతుంది. ఎఫ్1 నొక్కమంటుంది. నొక్కితే డిస్క్ కనబడలేదంటుంది. శరత్ వచ్చి సెట్టింగులు సరిచేస్తే ఆ రోజంతా బుద్ధిగా ఉంటుంది. మర్నాడు మళ్ళీ కథ మొదటికొస్తుంది.

మొదటిసారి అతను మెమరీ పట్టీలు ఊడదీసి, నా పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెట్టాడు. రెండోసారి బోర్డు లోపలుండే ఫర్మ్‌వేర్ పాతబడిందని పెన్‌డ్రైవ్‌లో కొత్తది తెచ్చాడు. అది ఎక్కుతున్నంతసేపూ కరెంటు పోతే బోర్డు చచ్చిపోతుందన్నాడు. పరీక్ష హాల్లో నిలబడినట్టు స్విచ్ పక్కనే నిలబడ్డాను. మూడోసారి అంతకంటే కొత్తది వచ్చిందని మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ నిలబడ్డాను.

"ఇంక బోర్డే మార్చాల టీచర్. ఈ మోడల్ ఇప్పో రావడంలే. ఉడుమలైపేటలో మా మచ్చాన్ అంగడిలో పాతది ఉందేమో పాక్కలాం." చూద్దామంటూ బావమరిది అంగడి పేరెత్తాడు.

"రెండుసార్లు ఫర్మ్‌వేర్ మార్చావు కదా శరత్. అప్పుడు చెడింది బోర్డు అని తెలియలేదా?"

"ఒక్కొక్కటిగా కదా చూడాల? నేనేమన్నా జోస్యకారుడినా?"

"జోస్యకారుడైతే ఒక్కసారే వచ్చేవాడు."

అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పక్క రేకు విప్పుతూ అడిగాడు. "సారు ఉన్నప్పుడు ఇట్ల చేసిందా?"

"ఎప్పుడూ లేదు."

"పని అయినాక గోడ స్విచ్ ఆపేస్తారా మీరు?"

"ఆపకుండా ఎలా? పని లేనిది ఏదీ ఊరికే వెలగనివ్వను."

ఈ స్విచ్ మా ఇద్దరికీ పాత తగాదా. ఆయన ఆపనిచ్చేవారు కాదు. "ముట్టొద్దు, అది మరిచిపోతుంది" అనేవారు. పెట్టెకు మతిమరుపేమిటని నేను ఎగతాళి చేసేదాన్ని. ఆయన పోయాక అడ్డుకునేవారు లేక, రోజూ ఆపుతున్నాను.

ఆ మాట శరత్‌తో అన్నాను. అతని చెయ్యి ఆగిపోయింది. టార్చి వేసి బోర్డు మూలకు వంగాడు. గోటితో ఏదో పైకి లేపి, మీటరు పెట్టి చూసి నాలుక కరుచుకున్నాడు.

"అయ్యయ్యో. చచ్చి ఎన్నాళ్ళయిందో! మొదలే దీన్ని చూడాల్సింది టీచర్. స్విచ్ ఆపినప్పుడు తేదీ, సెట్టింగ్, అన్నీ దీని బలంతోనే గురుతుంటాయి."

"ఏమిటది?"

"బిళ్ళ."

"ఏం బిళ్ళ?"

"ఇదిగో, ఈ బిళ్ళ!" అని నా అరచేతిలో పెట్టాడు. రూపాయి నాణెమంత ఉంది. చల్లగా ఉంది.

కాసేపు దాన్నే చూశాను. తర్వాత డైరీ తీసి చివరి పేజీ తెరిచాను.

తమిళంలో పకూ బకూ ఒకటే అక్షరం.

ఇంకా బిళ్ళ మార్చలే.

ఇరవై ఆరేళ్ళుగా నేను బడిలో తెలుగు చెబుతున్నాను. ‘అన్న పిలిచాను’ అని పిల్లలు రాస్తే ‘అన్నని’ అని ఎర్ర సిరాతో దిద్దుతాను. మనిషి అయితే ‘ని’ ఉండాలి, వస్తువుకు లేకపోయినా సరిపోతుంది అని ఏటా చెబుతాను. చారు గురించి ఎంత విసుక్కున్నా ఆయన ‘పిళ్ళని’ అనే అనేవారు. ఈ వాక్యంలో ‘ని’ లేదు. ఎనిమిది నెలలుగా నా కళ్ళముందే ఉంది, ఒక్కరోజైనా చూడలేదు.

"ఏమాయె టీచర్?"

"ఏం లేదు. కొత్త బిళ్ళ ఉందా?"

సంచిలో ఉంది. వేశాడు. తేదీ పెట్టి, గోడ స్విచ్ ఆపి, కొంచెంసేపు ఆగి మళ్ళీ వేశాడు. ఈనాటి తేదీయే వచ్చింది. డిస్క్ కనబడింది. ఆయన గీసిన పంపు ఒకటి తెర మీద తెరుచుకుంది.

"మరి ఆ ఫర్మ్‌వేర్ సంగతి?"

"అది వేస్ట్ కాదు టీచర్. పాతదానికంటే మంచిదే."

"రెండుసార్లు వేశావు కాబట్టి రెండింతలు మంచిదా?"

అతను వెళ్ళాక చారుకు ఫోన్ చేశాను.

"ఏంమా, బడి లేదా?"

"శనివారం. మీ నాయన డైరీలో చివరి పేజీ గుర్తుందా?"

"వద్దమ్మా. మళ్ళీ అది ఎందుకు?"

"ఒక్కసారి చెప్పు."

"ఇంకా పిళ్ళ మార్చలే. పోదుమా?" పోదుమా అంటే చాలునా అని.

"అది ప కాదు. బ."

వెనకాల ఎవరో తనను పిలుస్తున్నారు, పలకలేదు.

"బిళ్ళ... బోర్డులో ఉంటుందే, ఆ సెల్లా?"

"అదే. చచ్చిపోయి ఉంది. ఇప్పుడే మార్పించాను."

"అయ్యో నాయనా" అంది. అది నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. ఉన్నట్టుండి నామీద కోపం వచ్చింది తనకు. "ఊళ్ళో పిల్లలందరికీ తెలుగు నేర్పిస్తావే, ఆయనకు ఒక్క బ నేర్పించకూడదా?"

"నేర్పించి చూశాను. నేర్చుకుంటేనా? ఆయన్ని మార్చేది నా వల్ల కాలేదు."

ముక్కు చీదిన శబ్దం వినబడింది.

"అది ఎవురికీ ఇయ్యొద్దమ్మా. రేపు వస్తా."

"బస్సులో రావద్దు" అన్నాను. "చాలా బరువు."