గొట్టం సీసా

పాలసీసా దాచేసినప్పటి నుంచి మా రెండేళ్ళ చిన్నది ఇల్లు పీకి పందిరేస్తోంది. గ్లాసులో పోసిస్తే మూతి తిప్పేసుకుంటోంది.

“నీ గారాబమే దాన్ని ఇలా చేసింది,” అన్నాడు మా ఆయన గోడకి ఆనుకుని. లారీ నడుపుతూ తాగడానికి కొనుక్కున్న గొట్టం సీసాలోంచి ఇంట్లో కూడా నీళ్ళు పీలుస్తున్నాడు. చిన్నది దాన్నే గుడ్లప్పగించి చూస్తోంది.

నాకు ఒళ్ళు మండింది. “ముందు మీరు మానండి!” అంటూ ఆ సీసా లాక్కుని, గ్లాసుతో నీళ్ళిచ్చాను.

అలవాటు తప్పిన మనిషి. గబుక్కున ఎత్తి చొక్కా అంతా తడుపుకున్నాడు.

చిన్నది పకపకా నవ్వింది. తన పాలగ్లాసు రెండు చేతులా పట్టుకుని, కాసిని ఒలకబోసుకుంటూనే మొత్తం తాగేసింది. పాలమీసంతో తలెత్తి, “నాన్నా, ఇలా తాగాలి!” అంది.