వెలగని టెస్టర్

నాకు ముక్కు మీదే కోపమని మా ఇంట్లో అందరూ అంటారు. అబద్ధం. ఎవరైనా పని చెడగొడితేనే కోపం. కాకపోతే మా ఇంట్లో రోజూ ఎవరో ఒకరు పని చెడగొడుతూనే ఉంటారు.

పోయిన వారం మా అత్తయ్య లైటు వేసుకోవడానికి చీకట్లో గది అవతలికి నడుస్తూ, మోకాలు పట్టు తప్పి గోడ మీద పడింది. అది ఇటుక గోడ కాదు, పలచని జిప్సం బోర్డు గోడ. మోచేయి తగిలినచోట అరచేయంత బొక్క పడింది. "గోడే విరిగిందమ్మా, నేను విరగలేదు" అని ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. బొక్క ఎలాగూ పడింది కదా, అక్కడే మంచం పక్కన స్విచ్చి బిగించి, చుట్టూ పుట్టీతో పూడ్చేద్దామనుకున్నాను. ఎలక్ట్రీషియన్ అయిన మా అన్నయ్యని పిలవమన్నారు మా ఆయన. పిలిస్తే వాడు ఏడాది పాటు దెప్పుతాడు. పిలవలేదు.

మెయిన్ బోర్డులో అత్తయ్య గది మీట దించాను. లైటు ఆరిపోయింది. బొక్కని రంపంతో చదరంగా కోశాను. లోపల టేపు చుట్టిన తీగల జాయింటు కనిపించింది. టేపు విప్పి, రాగి మీద టెస్టర్ పెట్టాను. వెలగలేదు. అత్తయ్య మంచం మీద కూర్చుని చూస్తోంది.

"జాగ్రత్తమ్మా" అంది.

"మీరు కాసేపు మాట్లాడకండి, అత్తయ్యా" అన్నాను.

తీగ పట్టుకోవడానికి చెయ్యి లోపలికి పెట్టాను.

"అబ్బ, ఉక్క" అంటూ అత్తయ్య పక్కనున్న టేబుల్ ఫ్యాను మీట నొక్కింది.

ఫ్యాను తిరిగింది.

నా వేళ్లకీ ఆ రాగికీ మధ్య బియ్యపుగింజంత ఎడం ఉంది. పై ప్రాణాలు పైనే పోయాయి. చెయ్యి వెనక్కి తీసుకున్నానో, అదే వచ్చిందో తెలియదు. నేల మీద కూలబడ్డాను. లైటుకి కరెంటు ఒక దారిలో, ప్లగ్గుకి గోడ అవతలి వంటింట్లోంచి ఇంకో దారిలో వస్తోంది. నేను విప్పింది ప్లగ్గు తీగ.

"మరి టెస్టర్ ఎందుకు వెలగలేదు?" అన్నాను.

అత్తయ్య ముఖం పాలిపోయింది. "పొద్దున పుట్టీ డబ్బా మూత రాకపోతే ఆ టెస్టర్‌తోనే ఎత్తాను. చెయ్యి జారి పడింది. లోపల ఏదో చిట్లింది."

"చెప్పొచ్చుగా!"

"అరుస్తావని."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని, అయిదు వేళ్లూ ఒక్కొక్కటే తడిమి చూసింది. అప్పుడు ఏడ్చాను.

సాయంత్రం నేనే పిలిస్తే అన్నయ్య వచ్చి మెయిన్ మొత్తం ఆపి, స్విచ్చి బిగించాడు. "టెస్టర్‌ని ముందు కరెంటున్న చోట పెట్టి చూడాలి" అన్నాడు. దెప్పలేదు. వాడు దెప్పకపోయేసరికి ఎంత గండం తప్పిందో నాకప్పుడు తెలిసింది.

మర్నాడు పుట్టీ రుద్దుతుంటే, అత్తయ్య గుమ్మంలో నిలబడింది. చేతిలో రెండు ముక్కలైన నా టీ కప్పు, నాకు ఎంతో ఇష్టమైనది.

"నేనే పగలగొట్టాను" అంది, కళ్లు ఎత్తకుండా.

కేక నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"చెప్పారు కదా, అత్తయ్యా. చాలు" అన్నాను.