మూడో పెడల్

ఎడమకాలు తీసేశాక పిన్ని తన పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారుకు వేరే ఇంజనూ, క్లచ్ అక్కర్లేని ఆటోమేటిక్ గేరుబాక్సూ పెట్టించుకుంది. అవి పట్టేందుకు బానెట్‌ను పైకి ఉబ్బించారు. రోజూ ఆ కారులోనే ఆఫీసుకు వెళ్లేది.

అక్క కొడుకు సర్వీసింగని తీసుకెళ్లి, ఆమె పుట్టినరోజుకు దాన్ని మళ్లీ మొదట్లో ఉన్నట్టు మార్పించి తెచ్చాడు.

“బుడిపె పోయింది చూశావా పిన్నీ? అచ్చం ఒరిజినల్!”

పిన్ని తలుపు తీసింది. కింద మూడు పెడళ్లున్నాయి.

“రోజూ పొద్దున్నే నువ్వొచ్చి క్లచ్ తొక్కుతావట్రా?”

వాడి నవ్వు ఆగిపోయింది.

“నా ఇంజనేది?”

“గ్యారేజీలో ఉంది. కానీ పిన్నీ, ఇలాంటి కారును అలా పాడుచేస్తే...”

“పాడుచేశానా? నడుపుకున్నాన్రా!” పిన్ని చెయ్యి చాపింది. “నీ కారు ఆటోమేటిక్ కదా, దాని తాళం ఇటివ్వు. నా ఇంజను మళ్లీ బిగించేదాకా నువ్వు బస్సెక్కు.”