గీతకు కింద ఏడు చుక్కలు

ముప్పై నాలుగేళ్లు ఒకే పని చేసిన చేయి తప్పు చేయదని లోకంలో ఒక నమ్మకం ఉంది. ఆ ఆసుపత్రి రక్తపరీక్షల ల్యాబులో ఆ నమ్మకానికి నిలువెత్తు రూపం 'మరోసారి' మాస్టారు. ఏ ఫలితం చూపించినా, ముక్కు మీదికి జారిన కళ్లద్దాల పైనుంచి చూసి "మరోసారి చెయ్యమ్మా" అనేవారు గనుక ఆ పేరు. అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఎనిమిదీ ఐదుకు ఆయన ల్యాబు తలుపు తీశారు. ఉద్యోగానికి అది ఆఖరి రోజు. సంచి అడుగు తడిసి ఉంది. బస్సులో రెండు గుక్కలు తాగి మూసిన నీళ్ల సీసా కారి, చేతిరుమాలును ముద్ద చేసింది.

"మూతలో రబ్బరు పోయింది," అని తీర్పు చెప్పి, సీసాను సింకు పక్కన నిలబెట్టారు.

ఫ్రిజ్ తలుపు ముట్టుకోకముందే దాని ఉష్ణోగ్రత చూసి రాసుకున్నారు. తరువాత క్రియాటినిన్ పరీక్ష. మూత్రపిండాల పనితీరు చెప్పేది అదే. ముందు స్టాండర్డు అనే ద్రావణంతో యంత్రానికి కొలత నేర్పాలి. ఆపైన, విలువ ముందే తెలిసిన కంట్రోలు సీరంతో అది సరిగా నేర్చుకుందో లేదో చూడాలి. స్టాండర్డు సీసాను ఆయన తప్ప మరొకరు ముట్టుకోకూడదు. ఆ నియమం ఆయనదే.

గోడ మీది గళ్లకాగితంపై ఆనాటి కంట్రోలు ఫలితానికి పెన్సిలుతో చుక్క పెట్టి, రెండడుగులు వెనక్కి వేశారు. చుక్క హద్దులోనే ఉంది. కాని రావలసిన విలువను చూపే నడిమి గీతకు కిందుగా అది ఏడోది. ఏడూ మెట్లు దిగుతున్నట్టు ఒకదాని కన్న ఒకటి దిగువన ఉన్నాయి. ఆరింటి దాకా కాకతాళీయమని సరిపెట్టుకోవచ్చు. ఏడు దగ్గర ఆగి చూడాలన్నదీ ఆయన నియమమే.

"క్రియాటినిన్ రిపోర్టులు ఆపు."

జూనియర్ అమ్మాయి గ్లౌజులు తొడుక్కుంటూ నవ్వింది. "హద్దు లోపలే ఉందిగా సార్! పోతూ పోతూ కూడా పేచీయేనా?"

"పేచీ నాది కాదమ్మా, చుక్కలది."

ఇంతలో వార్డు డాక్టరు ఫోను. "మాస్టారూ, ఆరో మంచం పెద్దాయన్ని స్కానింగుకి పంపుతున్నా. నిన్న క్రియాటినిన్ ఒకటీ పాయింటు నాలుగిచ్చారు. ఒకటిన్నర లోపే కాబట్టి రంగుమందు ఎక్కించేస్తాం."

"ఎక్కించొద్దు డాక్టరుగారూ. నిన్నటిది నమ్మొద్దు."

"నిన్న సంతకం పెట్టింది మీరేగా?"

"నేనే. అందుకే చెబుతున్నా. తప్పయితే ఆయన కిడ్నీలకే ఎసరు."

"గంట ఆగుతా. అంతకన్నా నా వల్ల కాదు."

యంత్రంలో దీపం చూశారు. పిపెట్టు సరిగా కొలుస్తోందో లేదో అని దానితో పదిసార్లు నీరు తీసి తూచారు. కొత్త కంట్రోలు సీరం పెట్టి చూశారు, అదీ కిందికే. ఇక మిగిలింది స్టాండర్డు సీసా. ఏసీ గాలి తగిలే అరలోంచి దాన్ని తీసి వెలుతురుకు పట్టారు. తెరిచి ఎనిమిది రోజులు. రోజుకు వాడేది ఒక్క బొట్టు. మట్టం మాత్రం అంతకు మించి దిగింది. మూత మీద వేలు వేయగానే గిర్రున తిరిగింది.

"దీన్ని ఎవరు ముట్టుకున్నారు?"

"మీరు తప్ప ఎవరికంత ధైర్యం సార్?"

ఆయన సింకు దగ్గరికి వెళ్లి, నీళ్ల సీసా నింపి, పళ్లు బిగించి మూత బిగించి, తలకిందులు చేశారు. బొట్టు, వెంటనే ఇంకో బొట్టు.

"మరోసారి," అన్నారు తనతోనే. మూడుసార్లూ కారింది.

"నువ్వు బిగించమ్మా."

ఆ అమ్మాయి బిగించిన సీసా ఒక్క బొట్టు రాల్చలేదు. రబ్బరు బాగానే ఉంది.

మాస్టారు తన బొటనవేలి మొదలు వైపు చూసుకున్నారు. అక్కడ వాపు. రెండు నెలలుగా ఇంట్లో మందుసీసాల మూతలు ఆయన భార్యే తీసిపెడుతోంది. "మీ వేళ్లలో పట్టు తగ్గిందండీ" అని ఆవిడ అంటే, "ఈమధ్య మూతలే సరిగా చెయ్యడం లేదు" అని కంపెనీలను తిట్టిపోశారు. కనపడ్డ ప్రతిదాన్నీ శంకించిన మనిషి తన వేలిని మాత్రం లెక్కలోంచి వదిలేశారు.

"మూత వదులైతే నీరు ఆవిరై స్టాండర్డు చిక్కబడుతుంది," అంది అమ్మాయి మెల్లగా. "ఆ చిక్కదనాన్నే కొలతగా పెట్టుకుని యంత్రం అందరికీ తక్కువ చూపిస్తుంది."

"అంతే. కొత్త సీసా తియ్యి. మూత నువ్వే వెయ్యి."

ఆరో మంచం ఫలితం ఒకటీ పాయింటు ఆరు వచ్చింది. "మరోసారి," అన్నారు. మళ్లీ అంతే. వార్డుకు ఫోను చేసి చెప్పారు. "రంగుమందు మానేస్తాం మాస్టారూ," అన్నాడు డాక్టరు.

వారం రోజుల నమూనాలు పారేయకుండా దాచాలన్న నియమమూ మాస్టారిదే. సాయంత్రానికి నలభై ఒక్కటీ మళ్లీ చేశారు. మూడు రిపోర్టులు మారాయి. మూడు వార్డులకూ ఆయనే నడిచివెళ్లి చెప్పివచ్చారు.

లోపాల పుస్తకం తెరిచారు. అమ్మాయి పక్కన నిలబడింది. "మూత వదులని రాసెయ్యండి సార్. చాలదూ? రేపు మీరుండరు కూడా."

"మూత దానంతటది వదులవుతుందా అమ్మా?"

గుండ్రని అక్షరాలతో రాశారు: "కారణం: మూత బిగించిన చేయి నాది. పట్టు తగ్గింది, నేను గమనించలేదు. దిద్దుబాటు: ఒకరు బిగించాలి, మరొకరు తలకిందులు చేసి చూడాలి. ఆ చేయి ఎవరిదైనా సరే." కింద సంతకం, తేదీ, వేళ.

ఐదూ పదికి తెల్లకోటు కొక్కేనికి తగిలించి, ఫ్రిజ్ ఉష్ణోగ్రత చివరిసారి రాసి, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయారు.

మర్నాడు ఎనిమిదో చుక్క నడిమి గీత మీద పడింది. సింకు పక్కన మాస్టారు వదిలివెళ్లిన నీళ్ల సీసా తలకిందులుగా నిలబెట్టి ఉంది. దాని చుట్టూ బండ పొడిగా ఉంది.