తాళం వేసిన బస్సు

ఫోన్ మోగేసరికి బస్సు డ్రైవర్ హన్మాండ్లు దోహా శివారులోని ముఐథర్ కూలీల క్యాంప్ వంటగది బయట నిలబడి రెండో చాయ్ తాగుతున్నాడు. టైం ఎనిమిదిన్నర. ఫోన్ చేసింది సైట్‌లో హాజరు చూసే టైమ్‌కీపర్. పోశన్న డ్యూటీకి రాలేదు, రూంలో పడుకున్నాడేమో చూసి చెప్పమన్నాడు. ఒక మనిషి తగ్గాడని ఫోర్‌మన్ అరుస్తున్నాడట.

హన్మాండ్లు కప్పు పక్కన పెట్టి మూడో బ్లాకు వైపు నడిచాడు. తొందరేమీ లేదు. పోశన్నది మెట్‌పల్లి దగ్గర తన పక్క ఊరే. రెండు రోజులుగా జ్వరంతో ఉన్నాడని తెలుసు. దుప్పటి కప్పుకొని పడుకొని ఉంటాడనుకున్నాడు.

మంచం ఖాళీగా ఉంది. దిండు పక్కన ఫోన్ మాత్రం చార్జింగ్‌కు పెట్టి ఉంది. ఎదుటి మంచం మీద, రాత్రంతా గేటు దగ్గర వాచ్‌మన్ డ్యూటీ చేసి వచ్చిన ముత్యం ముసుగు తీశాడు.

"పోశన్న యాడికి పోయిండు?" అని అడిగాడు హన్మాండ్లు.

"డ్యూటీకి పోయిండు. నీ బస్సులనే ఎక్కిండు గదనే. గేటు కాడ నేనే చూసిన. జరం గోలీలు రెండేసుకున్న, ఎన్క సీట్ల పండుకుంట అన్నడు."

హన్మాండ్లు చెయ్యి జేబు మీదికి పోయింది. పోశన్న ఎక్కిన ఆ బస్సు సైట్‌లో లేదు. అరవై కిలోమీటర్ల అవతల, దుఖాన్ ఊరికి పోయే పెద్ద రోడ్డు దిగి మట్టిదారి మొదలయ్యే చోట, ఇసుకలో ఒంటరిగా నిలబడి ఉంది. దానికి తాళం వేసి ఉంది. తాళంచెవి హన్మాండ్లు జేబులో ఉంది.

అది జూన్ నెల. సూర్యుడు వచ్చి అప్పటికే మూడున్నర గంటలు దాటింది.

ఆ బస్సు అక్కడ ఆగడానికి కారణం డీజిల్ ధర. 2014 మే నెలలో లీటరు రియాల్ నుంచి రియాలున్నర అయింది. బయట ప్రపంచంలో చమురు ధర పెరిగిన కొద్దీ దోహాలో కొత్త భవనాలు లేస్తున్నాయి, కొత్త రోడ్లు పడుతున్నాయి. కంపెనీలకు పని తక్కువ లేదు. అయినా ఆ అర రియాల్ దగ్గర అందరూ ఉలిక్కిపడ్డారు. అంతవరకు క్యాంప్ డ్రైవర్లకు ఇంజన్ ఆపడమనే అలవాటే లేదు. ఎక్కడ ఎంతసేపు ఆగినా ఏసీ నడుస్తూనే ఉండేది.

ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జి హమీదుద్దీన్ హైదరాబాద్ మనిషి. డ్రైవర్లందరినీ నిలబెట్టి, మీ బస్సులు డీజిల్ తాగుతున్నాయా, మీరు తాగుతున్నారా అని అడిగాడు. వారానికి ఇచ్చే డీజిల్‌లో మూడో వంతు కోసేశాడు. ఎవరికి చాలకపోతే వాళ్ళు స్టీరింగ్ వదిలి పార పట్టుకోవచ్చన్నాడు. అతను నవ్వుతూ చెప్పాడు గానీ, ఆ వారమే ఒక నేపాలీ డ్రైవర్‌ను కాంక్రీట్ పనిలోకి పంపాడు.

ఆ తరవాత అందరి పద్ధతులూ మారిపోయాయి. రౌండబౌట్ అర కిలోమీటరు ఉందనగానే యాక్సిలరేటర్ మీద కాలు తీసేసేవారు. వెనకనుంచి తిట్లు మొదలయ్యేదాకా ఏసీ వేసేవారు కాదు. ఆగిన బస్సు వేడెక్కకుండా దిగేవాళ్ళ చేతే అద్దాలకు లోపలినుంచి అట్టలు పెట్టించేవారు. డీజిల్ దొంగలు కూడా మొదలయ్యేసరికి ట్యాంకుకూ, బయటనుంచి తలుపుకూ తాళాలు పడ్డాయి.

మట్టిదారి ఆలోచన ముఖ్తార్‌ది. నిజామాబాద్ నుంచి వచ్చిన ముఖ్తార్ రెండో బస్సు డ్రైవర్. చివరి తొమ్మిది కిలోమీటర్ల ఇసుకే సగం డీజిల్ తాగేస్తోందని లెక్క తేల్చాడు. అందుకని మలుపు దగ్గర హన్మాండ్లు బస్సు వదిలేసి, రెండు బస్సుల జనాన్నీ ముఖ్తార్ బస్సులో కుక్కి సైట్‌కు చేర్చేవారు. ఖాళీ అయిన ఆ బస్సులోనే డ్రైవర్లిద్దరూ క్యాంప్‌కు వచ్చి, పది గంటలకు అన్నం గిన్నెలతో తిరిగి బయలుదేరేవారు. అరవై సీట్ల బస్సులో డెబ్బై తొమ్మిది మంది. పోలీసులు చూస్తే లైసెన్సులు పోతాయి. అక్కడ పోలీసులు ఉండరు. ఇది హమీదుద్దీన్‌కు తెలియదు. డీజిల్ మిగులుతోందని మాత్రం మెచ్చుకున్నాడు.

ఈ ఏర్పాటులో ఒక పని తప్పిపోయిందని ఎవరికీ తట్టలేదు. పూర్వం హన్మాండ్లు రోజూ ఉదయం బస్సును క్యాంప్‌కు తెచ్చి, వెనక సీటు నుంచి ముందుకు ఊడ్చుకుంటూ వచ్చేవాడు. నిద్రలో దిగడం మరిచినవాళ్ళు అలా ఇద్దరు దొరికారు కూడా. చీపురుతో కాళ్ళ మీద తట్టి లేపితే అందరూ నవ్వుకున్నారు. ఇప్పుడు ఆ ఊడవడం సాయంత్రానికి మారింది.

క్యాంప్‌లో ముఖ్తార్ బస్సు వెనక తలుపు దగ్గర అన్నం గిన్నెలు ఎక్కించడానికి పెట్టి ఉన్నాయి. హన్మాండ్లు వాటిని దాటి పరుగెత్తి లోపలికి ఎక్కాడు. లోపలున్న ముఖ్తార్‌కు రెండు మాటల్లో విషయం చెప్పాడు. ముఖ్తార్ గిన్నెలు అక్కడే వదిలేసి బండి తీశాడు.

దారిలో హన్మాండ్లు టైమ్‌కీపర్‌కు ఫోన్ చేసి పికప్ బండి ఉందా అని అడిగాడు. ఇంజనీరు దాన్ని దోహా తీసుకుపోయాడట. సైట్‌లో ఇంకే బండీ లేదు. అక్కడినుంచి మలుపు దాకా తొమ్మిది కిలోమీటర్లు ఎండలో నడవాలి. నడిచినా వాళ్ళ దగ్గర తాళంచెవి లేదు.

ఊరు దాటాక రోడ్డు ఖాళీ అయింది. ముఖ్తార్ చేతులు స్టీరింగ్‌ను గట్టిగా పట్టుకున్నాయి గానీ స్పీడు ముల్లు డెబ్బై దగ్గరే ఊగుతోంది. దూరంగా సిగ్నల్ కనబడగానే అతని కాలు దానంతటదే పైకి లేచింది. ఆరు వారాల అలవాటు అది.

"తొక్కు భాయ్," అన్నాడు హన్మాండ్లు.

ముఖ్తార్ తన కాలు వైపు ఒకసారి చూసుకొని తొక్కాడు. ముల్లు వందకు చేరింది. బస్సు వణకసాగింది. రోడ్డు పక్క బోర్డు మీద ఎండ నలభై మూడని చూపిస్తోంది. బయటే అంత ఉంటే మూసిన బస్సులో ఎంతుంటుంది? అద్దాలు తెరుచుకునేవి కావు, ఏసీ బస్సు. వెనక అత్యవసర తలుపు గడగడలాడుతోందని హన్మాండ్లే తీగతో బిగించి కట్టాడు. లోపల మనిషి లేచి కొట్టినా వినేవాళ్ళు లేరు. అట్టలుండగా బయటివాళ్ళకు కనబడడు. అసలు లేచాడో లేదో.

హన్మాండ్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. పోలీసులకు చేయాల్సిన నంబరు అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు, మూడు తొమ్మిదులు. రెండు నొక్కి ఆగాడు. దుఖాన్‌లో పోలీసులున్నారు. వాళ్ళకు పది పదిహేను నిమిషాల దారి. తమకింకా ముప్పై ఐదు నిమిషాలుంది.

ముఖ్తార్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "ఫోన్ చేస్తే ఇద్దరం లోపల పడ్తం భాయ్. పోదాం, తాళం తీద్దాం, నీళ్ళు తాపుదాం. ఎవ్వలికి తెల్వది."

"మనం పోయేసరికి వాడు సచ్చి ఉంటే?"

ముఖ్తార్ ఒక ట్యాంకర్‌ను దాటాడు, ఇంకొకటి దాటాడు. ముగ్గురు ఆడపిల్లల తండ్రి అతను. పెద్దదాని కాలేజీ ఫీజు కట్టి పది రోజులు కాలేదు. ఆ సంగతి హన్మాండ్లుకు తెలుసు. హన్మాండ్లు మూడో తొమ్మిది మీద వేలు పెట్టి చూస్తున్నాడు. తన లైసెన్స్, తన పాస్‌పోర్ట్, ఊళ్ళో పోశన్న తల్లి ఎల్లవ్వకు చెప్పాల్సిన జవాబు, అన్నీ ఆ వేలి కింద ఉన్నట్టున్నాయి.

"చెయ్యి," అన్నాడు ముఖ్తార్. "నా పేరు గూడ చెప్పు."

అవతల అరబ్బీ, తరవాత ఇంగ్లీషు, తరవాత హిందీ వచ్చిన మనిషి. హన్మాండ్లు వచ్చీరాని హిందీలో చెప్పాడు. ఆ మలుపుకు పేరు లేదు. రోడ్డు కింద ఒంటెలు పోయే సొరంగం దాటాక కుడివైపు, రెండు నీళ్ళ ట్యాంకులు, తెల్ల బస్సు. తలుపు మూసి ఉందా అని అడిగారు. ఉందన్నాడు. ఎవరు మూశారన్నారు. నేనే మూశానన్నాడు. పేరు అడిగితే చెప్పాడు. లైసెన్స్ నంబరు అడిగితే, కార్డు తీసి ఒక్కో అంకె చదివాడు. అద్దం పగలగొట్టమని మూడుసార్లు చెప్పాడు.

ఫోన్ పెట్టేశాక అరగంటకు సొరంగం కనబడింది.  హన్మాండ్లు సీట్లోంచి లేచి నిలబడ్డాడు.

మలుపు దగ్గర రెండు పోలీసు బండ్లు, ఒక అంబులెన్స్ ఉన్నాయి. తెల్ల బస్సు వెనక అద్దం పూర్తిగా లేదు. గాజుముక్కలు ఇసుకలో మెరుస్తున్నాయి. తమ బస్సు పూర్తిగా ఆగకముందే హన్మాండ్లు దూకాడు.

పోలీసు ఆఫీసర్ అడ్డంగా నిలబడి డ్రైవర్ ఎవరని అడిగాడు. హన్మాండ్లు తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆఫీసర్ చెయ్యి చాచితే తాళంచెవి, లైసెన్స్ రెండూ ఇచ్చేశాడు. బస్సు ఇక్కడ పెట్టమని ఎవరు చెప్పారని అడిగాడు ఆఫీసర్. ఎవరూ చెప్పలేదు, మేమే పెట్టుకున్నాం అన్నాడు. వెనకనుంచి ముఖ్తార్ వచ్చి, ఆలోచన నాది సార్ అని ఉర్దూలో చెప్పి పక్కన నిలబడ్డాడు.

"ఆద్మీ జిందా హై?" అని అడిగాడు హన్మాండ్లు. మనిషి బతికున్నాడా అన్నదే ఆ రెండు నిమిషాల్లో అతను అడిగిన ఒకే ప్రశ్న.

ఆఫీసర్ అతని ముఖంలోకి చూశాడు. తరవాత భుజం పట్టుకొని అంబులెన్స్ దగ్గరికి నడిపించాడు. స్ట్రెచర్ మీద పోశన్న బట్టలు తడిసి ఉన్నాయి, చంకల్లో ఐసు సంచులు పెట్టారు. ముఖం కాలిన ఇటుక రంగులో ఉంది. పెదాలు పగిలాయి. వేళ్ళ కొసలు చిట్లి రక్తం గడ్డకట్టి ఉంది. వెనక తలుపు తీగను లాగి చూసి ఉంటాడు. చేతికి సెలైన్ ఎక్కిస్తున్న నర్సు ఫిలిప్పీన్స్ మనిషి, జరగమని సైగ చేసింది.

పోశన్న కళ్ళు సగం తెరుచుకున్నాయి. హన్మాండ్లును గుర్తుపట్టాడో లేదో తెలియదు. పెదాలు కదిలాయి. హన్మాండ్లు వంగి చెవి పెట్టాడు.

"సైట్ అచ్చిందా అన్నా? దిగాల్నా?"

"అద్దు. పండుకో నువ్వు," అన్నాడు హన్మాండ్లు.

నర్సు తలుపు మూసింది. అంబులెన్స్ దుఖాన్ వైపు తిరిగింది. ఆఫీసర్ పోలీసు బండి వెనక తలుపు తెరిచి ఎదురుచూస్తున్నాడు. ముఖ్తార్ ముందు ఎక్కి, హన్మాండ్లుకు చోటిస్తూ లోపలికి జరిగాడు.